మ్యాచింగ్ సెంటర్‌లో రంగులు తెలియని ఇద్దరం

మా నాన్నకు నరసరావుపేటలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఆడవాళ్లు చీర పట్టుకొస్తే దానికి సరిగ్గా కలిసే జాకెట్టు గుడ్డ, లోపలికి లైనింగు, అంచుకు ఫాలు, కుట్టడానికి దారం తీసిచ్చే కొట్టు. మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా రంగులు. ఒక్క ఆకుపచ్చలోనే ఎన్నో రకాలు. చిలకపచ్చ వేరు, మామిడాకు వేరు, పెసర వేరు, నాచు రంగు వేరు. ఈ తేడాలే మా ఇంటి బతుకుతెరువు.

కొట్లో అమ్మ ముందు కూర్చునేది. వచ్చిన చీర చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసి, “మావయ్యా, ఎడం గోడ, రెండో అర, చివర్న” అనేది. నాన్న వెళ్లి తీసుకొచ్చేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ని అమ్మకు మామగారనుకుని, మరి మొగుడేడని వెతికేవాళ్లు. నిజానికి నాన్న అమ్మకు సొంత మేనమామ. మాచర్లలో ఉండే తన పెద్దక్క కూతుర్నే చేసుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి మావయ్యా అని పిలిచిన నోరు పెళ్లయ్యాక మారలేదు. నాన్న కూడా ఆమెను అమ్మాయ్ అనే పిలుస్తాడు. మా వాళ్లు రెండు తరాలుగా సంబంధాల కోసం బయటికి చూసింది లేదు.

అమ్మ లేని వేళ ఎవరన్నా వస్తే నాన్నకు ఒక పద్ధతి ఉండేది. చీర వైపు పెద్దగా చూసేవాడు కాదు. నాలుగు ముక్కలు తెచ్చి బల్ల మీద పరిచి, ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుందని, ఎండలోకి తీసుకెళ్లి చూసుకొమ్మని పంపేవాడు. తాను గుమ్మంలో నిలబడి ఆమె మొహం చూసేవాడు. ఏ ముక్క దగ్గర ఆమె కనుబొమలు కుదుటపడితే ఆ ముక్క కత్తిరించేవాడు. నిజాయితీ గల మనిషని ఊళ్లో ఆయనకు పేరు రావడానికి సగం కారణం ఈ ఎండే.

అలాంటి కొట్లో పెరిగిన నాకు రంగులు సరిగ్గా తెలియవన్న సంగతి ఇంటర్ రెండో ఏడు దాకా ఎవరికీ తెలియదు. నాకే తెలియదు. చిన్నప్పుడు నేను రంగులంటే ఎక్కాల్లాంటివని అనుకునేదాన్ని. ఆకు పచ్చన, ఇటుక ఎర్రన, మట్టి గోధుమరంగు అని బట్టీ పట్టాలి. వస్తువేదో తెలిస్తే రంగు చెప్పేయవచ్చు. తెలియకపోతే పక్కపిల్ల ఏమంటుందో విని అదే అనాలి. మిగతా అందరూ కూడా ఇలాగే నెట్టుకొస్తున్నారని నా నమ్మకం. ఒకసారి సెలవుల్లో అమ్మమ్మ వాళ్ల మిరప చేలో కాయలు కోస్తానని సరదాపడి దిగాను. నా సంచిలో పండుకాయల కంటే పచ్చికాయలే ఎక్కువ పడ్డాయి. టౌను పిల్ల అని అమ్మమ్మ నవ్వి సంచి లాక్కుంది. పండిన కాయను గుర్తుపట్టడం చేతి అలవాటు కాబోలు, నాకది అబ్బలేదని సరిపెట్టుకున్నాను.

ఇంటర్‌లో మాకు జువాలజీ చెప్పిన మేడమ్‌కు జన్యువుల పాఠమంటే ప్రాణం. క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయని, ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది అని కథలా చెప్పుకొచ్చారు. ఆఖరి జత దగ్గరే ఆడా మగా తేడా. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. ఎరుపునూ ఆకుపచ్చనూ విడదీసి చూపించే జన్యువులు ఎక్స్ మీద ఉంటాయి. మగవాడికి ఉన్న ఒక్క ఎక్స్‌లో అది చెడిందంటే ఇక ఆదుకునే దిక్కు లేదు. ఆడవాళ్లకు ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. వాళ్లకు రంగులన్నీ మామూలుగానే కనపడతాయి, కానీ చెడినదాన్ని పిల్లలకు అందించగలరు. అందుకే ఈ వర్ణాంధత్వం మగవాళ్లలోనే ఎక్కువని మేడమ్ చెప్పారు.

దాన్ని పరీక్షించే చుక్కల బొమ్మ మా పుస్తకంలో నలుపు తెలుపుల్లో అచ్చయి ఉంది. అలా అచ్చువేసిన మహానుభావుడెవరో అని మేడమ్ నవ్వి, తాను తెచ్చిన రంగుల అట్టలు బెంచీలకు ఇచ్చారు. రకరకాల చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. మా బెంచీకి వచ్చిన అట్ట చూసి పక్కపిల్ల డెబ్భై నాలుగు అంది. నేను ఇరవై ఒకటి అన్నాను. నేను ఆటపట్టిస్తున్నానని ఆమె, ఆమే ఆటపట్టిస్తోందని నేను. గొడవ మేడమ్ దాకా వెళ్లింది.

ఆవిడ నా చేత మళ్లీ చదివించారు. ఇంకో రెండు అట్టలు చూపించారు. ఏళ్ల తరబడి బోర్డు మీద గీసిన పాఠం జడలు వేసుకుని ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో, ఆవిడ మొహం అలా వెలిగింది. ఆడపిల్లల్లో ఇది చాలా అరుదని చెబుతూ బోర్డు మీద ఒక చదరం, ఒక గుండ్రం గీశారు. చదరం తండ్రి, గుండ్రం తల్లి. ఆడపిల్లకు రంగులు తెలియలేదంటే రెండు ఎక్స్‌లూ చెడినవే అయ్యుండాలి. ఒకటి తల్లి ఇచ్చింది, రెండోది తండ్రి ఇచ్చింది. తండ్రి దగ్గరున్నదే ఒక్కటి.

“అంటే మీ నాన్నగారికి తప్పకుండా ఉంటుందమ్మా. ఆయనేం చేస్తుంటారు?”

“మ్యాచింగ్ సెంటర్ అండీ.”

క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. “ఆయనకు గనక లేకపోతే...” అని మొదలుపెట్టి ఆగిపోయారు. తర్వాత ఉంటుందిలే అని తనకు తానే చెప్పుకుని బోర్డు తుడిచేశారు. క్లాసయ్యాక నన్ను పిలిచి, అట్ట ఇంటికి తీసుకెళ్లి నాన్నగారికి ఒక్కరికే, నెమ్మదిగా చూపించమన్నారు.

ఆ ఆగిపోయిన మాట నాకు ఆటోలో అర్థమైంది. నాన్నకు డెబ్భై నాలుగు కనపడితే ఆయన మా నాన్న కాడు. మ్యాచింగ్ సెంటర్ నడిపే మనిషికి కనపడక ఏమవుతుంది? ధైర్యం కోసం నాన్న పోలికలు ఒక్కొక్కటే వెతుక్కున్నాను. నా ముక్కు అచ్చం ఆయనదే. కానీ అమ్మ ఆయన మేనకోడలు గనక ఆ ముక్కు అమ్మ వైపు నుంచైనా వచ్చి ఉండవచ్చు. నా కాలి చిటికెనవేలు వంకర కూడా నాన్నదే, అయితే అది అమ్మమ్మకూ ఉంది. మేనరికపు ఇంట్లో పోలికలు సాక్ష్యానికి పనికిరావని మా కోర్టు రోడ్డు దాటేలోపు తేలిపోయింది.

కొట్టుకు వెళ్లేసరికి నాన్న ఒక్కడే ఉన్నాడు. అమ్మ క్యారేజీ తేవడానికి ఇంటికి వెళ్లింది. నేను అట్ట ఆయన ముందు పెట్టి ఇందులో ఏం అంకె కనపడుతోందని అడిగాను. ఆయన అట్ట వైపు చూడలేదు. అలవాటు ప్రకారం నా మొహం వైపు చూశాడు. నేను గిరుక్కున గోడ వైపు తిరిగాను. ఇక తప్పక ఆయన అట్ట చేతిలోకి తీసుకున్నాడు.

“ఇరవై ఒకటి” అన్నాడు.

నేను ఆయన మెడ పట్టుకుని బావురుమన్నాను. నాన్న బెదిరిపోయి నా వీపు నిమురుతూ, “ఎన్నిటికమ్మా ఇరవై ఒకటి? పోతే పోయింది, సప్లిమెంటరీ ఉందిగా” అన్నాడు.

అప్పుడే అమ్మ క్యారేజీతో వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, అట్ట తీసుకుని, “డెబ్భై నాలుగు. దీనికి ఏడుపెందుకే?” అంది. నేను జరిగినదంతా చెప్పాను. నాకు రంగులు తెలియవని, నాన్నకూ తెలియవని, ఆ సంగతి నా లోపల రాసి ఉందని. నాన్న ఒప్పుకోలేదు. అచ్చులో తప్పయి ఉంటుందన్నాడు. తెలియకపోతే ఇన్నేళ్లు కొట్టు ఎట్టా నడిచిందన్నాడు. అమ్మ క్యారేజీ గిన్నెలు విడదీస్తూ తాపీగా చెప్పింది.

“మావయ్యకు రంగులు తెలవవని నాకు చిన్నప్పుడే తెలుసు. జడకి ఎర్ర రిబ్బన్లు తెస్తానని ఒకటి ఎరుపూ ఒకటి పచ్చా తెచ్చాడు. జత బాగా కుదిరిందా అని అడిగాడు కూడా.”

“మరి చెప్పలేదేందమ్మాయ్?”

“చెప్తే ఇంకోసారి తేవేమోనని చెప్పలా.”

అమ్మ చెప్పుకుపోయింది. పెళ్లయిన కొత్తలో ఆయన మిరపకాయల వ్యాపారం పెడదామన్నాడట. ఎర్రకాయా పచ్చికాయా తెలియని మనిషి ఆ వ్యాపారంలో ఏమవుతాడోనని తనే పెట్టనివ్వలేదట. గుడ్డల కొట్టయితే పక్కన తను కూర్చోవచ్చు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అమ్మ ఆయనకు ఎప్పుడూ గోడ చెప్పింది, అర చెప్పింది, చివరా మొదలా చెప్పింది. రంగు పేరు చెప్పగా నేను ఒక్కసారీ వినలేదు.

ఇంతకీ ఏడుపెందుకని అమ్మ మళ్లీ అడిగింది. మేడమ్ సగంలో ఆపిన మాట, ఆటోలో నేను పడ్డ భయం చెప్పక తప్పలేదు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ బల్ల మీద తల వాల్చేసింది. నాన్నకు విషయం అందడానికి ఇంకాస్త టైం పట్టింది. అందాక ఆయన మేడమ్ మీద కోప్పడాలా, ఇరవై ఒకటి కనపడినందుకు గర్వపడాలా తేల్చుకోలేక పప్పన్నం కలుపుకున్నాడు.

సాయంత్రం తమ్ముడు బడి నుంచి రాగానే వాడికీ పరీక్ష పెట్టాం. డెబ్భై నాలుగు అని ఆడుతూ పాడుతూ చదివేశాడు. నేను బల్ల మీద దారపు రీళ్లు పెట్టి నాన్నకు వివరించాను. నాన్న తన ఒక్క ఎక్స్ రీలు నాకిచ్చాడు, అందులో దారం తెగి ఉంది. అమ్మ దగ్గర ఒక మంచి రీలు, ఒక తెగిన రీలు ఉన్నాయి. తెగినది నాయనమ్మ నుంచి వచ్చిందే. ఆమె కొడుక్కీ అదే ఇచ్చింది, కూతురికీ అదే ఇచ్చింది, ఆ కూతురి నుంచి, అంటే అమ్మమ్మ నుంచి, అమ్మకు వచ్చింది. అమ్మ నాకు తెగిన రీలు ఇచ్చింది, తమ్ముడికి మంచిది ఇచ్చింది. ఎవరు ఏది ఏరుకుని ఇచ్చిందీ కాదు, చేతికి అందింది అంతే. దూరపు సంబంధమైతే ఆ రెండు తెగిన రీళ్లు ఒక ఇంట్లో కలుసుకోవడం అంత తేలిక కాదు. నాన్న అంతా విని, మరి కొడుక్కి తానేం ఇచ్చినట్టని అడిగాడు. వై ఇచ్చావన్నాను. అందులో ఏముంటుందంటే, మగపిల్లాడవడం ఉంటుందన్నాను. తిన్న కంచం తీయకపోవడం కూడా అందులోనే ఉందేమో మీ మేడమ్‌ని అడుగు అంది అమ్మ.

నవ్వులతో సరిపోయిందనుకున్నాం గానీ నాన్న లోపల దెబ్బతిన్నాడు. అప్పటిదాకా మొహాలు చూసి నడిపిన మనిషి ఆ మర్నాటి నుంచి గుడ్డలు చూడటం మొదలుపెట్టాడు. ఒక్కో ముక్క కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరం పెట్టుకుని, అమ్మ చెప్పిన అర దగ్గర కూడా తడబడి నిలబడిపోయేవాడు. వచ్చినవాళ్లు మావయ్యగారికి ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్లు.

ఆ రోజుల్లోనే మాచర్లలో అమ్మమ్మకు కంటి ఆపరేషనని అమ్మ, తోడుగా తమ్ముడు వెళ్లారు. కొట్టు మూసేద్దామని నాన్న అంటున్నంతలోనే సత్తెనపల్లి నుంచి పెళ్లివాళ్లు దిగారు. పెళ్లికూతురి తల్లి, మేనత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, సంచుల్లో డజను పైగా పట్టుచీరలు. అన్నిటికీ అప్పటికప్పుడు జాకెట్టు గుడ్డలు కావాలి, బయట కారు ఆగి ఉంది. నాన్న నా వైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను. ఆ ఊరి మొత్తం మీద ఆ క్షణంలో ఆ బల్ల వెనక నిలబడకూడని ఇద్దరం మేమే.

మొదటి చీర తీశారు. నాకది నీలంలా కనపడింది. నీలం అరల్లోంచి రెండు ముక్కలు తెచ్చాను. పెళ్లికూతురి తల్లి పెదవి విరిచి, ఇది వంకాయ రంగు, నీలం తెచ్చావేందమ్మాయ్ అంది. నాన్న తల దించుకుని బల్ల మీది ముక్కలు మడతపెట్టసాగాడు. ఇంతలో పక్కనున్న మేనత్త అందుకుంది.

“వంకాయ రంగేంది వదినా, అది నేరేడుపండు రంగు.”

“నేరేడు ఇంకా నలుపు గదా. నీకు రంగులు తెలవకపోతే నన్నడుగు.”

ఆ మాట వినగానే నాన్న తల పైకెత్తాడు. నేను చూస్తుండగానే ఆయన వెన్ను నిటారయింది. ఆ నీలం అర, దాని పక్క అర మొత్తం దించమని నాకు చెప్పి, ఆడవాళ్లను గౌరవంగా ఎండలోకి తీసుకెళ్లాడు. వాళ్లు అక్కడ వంకాయకూ నేరేడుకూ మధ్య వాదించుకుంటుంటే, ఎప్పటిలాగే మొహాలు చూస్తూ నిలబడ్డాడు. నలుగురి కనుబొమలూ ఒకేసారి దిగిన ముక్క చేతిలోకి తీసుకుని కత్తెర ఆడించాడు. ఆ తర్వాత దాదాపు ప్రతి చీరకూ అదే తంతు. గులాబీ అని ఒకరంటే బూడిద కలిసిందని ఇంకొకరు. మెంతి రంగంటే కాదు ఆవపిండి అని. రంగులన్నీ కనపడే నలుగురు ఆడవాళ్లు ఒక్క చీర మీద కూడా ముందుగా ఏకమాట మీద లేరు. నాన్న న్యాయమూర్తిలా మధ్యలో నిలబడి ఎవరి మాటా కొట్టేయకుండా, ఎవరి మాటా ఒప్పుకోకుండా మొత్తం ముగించాడు. వెళ్తూ వెళ్తూ మేనత్త, మీ కంటికి తిరుగు లేదండీ అంది.

ఆ వారంలో ఒక్క ముక్క వాపసు వచ్చింది. అది ఎండలోకి వెళ్లే ఓపిక లేక పెళ్లికూతురి తల్లి లోపలే కూర్చుని తనంతట తాను ఏరుకున్నది. అప్పటికి అమ్మ తిరిగొచ్చింది. మారుమాట్లాడకుండా మార్చి ఇచ్చింది. నాన్న మళ్లీ గుడ్డలు చూడటం మానేశాడు. కొట్టు దారిన పడింది.

నా డిగ్రీ అయ్యాక అమ్మమ్మ మాచర్ల నుంచి సంబంధం పట్టుకొచ్చింది. తన మనవడే, అంటే అమ్మ అన్న కొడుకు. నేను కుదరదన్నాను. మేడమ్ మాకు చెప్పింది రంగుల గురించి మాత్రమే కాదు. చెడిన జన్యువు ఒక్కటే ఉంటే అది నోరు మూసుకుని కూర్చుంటుంది, దగ్గరివాళ్లు చేసుకుంటే అలాంటివి రెండు కలిసే వీలు ఎక్కువ. అలా కలిసి పుట్టిన పసిపిల్లలు కొందరు నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ బతుకుతారు. మాకు రంగులతో పోయింది, అది మా అదృష్టం. ఇదంతా చెబితే అమ్మమ్మ, మా ఇంట్లో అందరం అట్టాగే చేసుకున్నాం, ఎవరికేం తక్కువైంది అంది. అమ్మ మాట్లాడకుండా నా కాళ్ల వైపు వేలు చూపించింది. ఆ రోజు నేను ఒక కాలికి ఒక సాక్సు, ఇంకో కాలికి ఇంకో రంగు సాక్సు వేసుకుని ఉన్నానట. అమ్మమ్మ కళ్లజోడుతో వంగి చూసి, ఆపరేషన్ కాకముందే అడగాల్సింది, అప్పుడైతే ఇవి కనపడేవి కావు అని నిట్టూర్చింది.

బయటి సంబంధాలు వచ్చాయి. నాకు రంగులు తెలియవని ముందే చెప్పేయాలని నా పట్టుదల. చెప్పగానే ప్రతివాడూ తన చొక్కా పట్టుకుని ఇదేం రంగో చెప్పమనేవాడు. ఈ ప్రశ్న నన్ను పుట్టినప్పటి నుంచి ఎవరూ అడగనట్టు. గురజాలలో లెక్కల మాస్టారుగా పనిచేసే ఒకాయన మాత్రం చొక్కా ముట్టుకోలేదు. పిల్లల సంగతి ఏమిటని అడిగాడు. నాన్నకు చెప్పిన రీళ్ల లెక్కే చెప్పి, మీ రీలు మంచిదైతే పుట్టే ఆడపిల్లలు అన్ని రంగులూ చూస్తారు, మగపిల్లలు పుడితే ఒక్కరికీ ఎరుపూ పచ్చా తేడా తెలియదు అన్నాను.

“ఒక్కరికీనా?”

“ఒక్కరికీ. నా దగ్గర మంచి రీలు లేదు.”

అందుకాయన, పెళ్లి చూపుల్లో ఇంత కచ్చితంగా తేలే జవాబు ఒక్కటైనా దొరుకుతుందని తాను అనుకోలేదన్నాడు. ఆయన్నే చేసుకున్నాను.

కొడుకు పుట్టాడు. పుట్టిన రోజే వాడి కళ్ల సంగతి మాకు తెలుసు. వాడు ఒకటో తరగతిలో ఉండగా బడి నుంచి ఫోన్ వచ్చింది. వెళితే టీచరు బొమ్మ చూపించింది. చెట్లన్నీ కాఫీపొడి రంగు, ఆవు ముదురు ఆకుపచ్చ అట. నాకు మాత్రం బొమ్మ ముచ్చటగా ఉంది, ఆ మాటే అన్నాను. పిల్లాడు మొండికేస్తున్నాడని ఆమె బాధ. వాడు మొండివాడు కాదని, మా ముత్తాతల నాటి నుంచి నడిచొచ్చిన సంగతని నేను విడమరచి చెప్పాను. రంగుపెన్సిళ్ల మీద పేర్లు అతికిస్తే చాలన్నాను. ఆమె మంచి మనిషి, వెంటనే సరేనంది. సరేనన్నాక తన చీర చూపించి, ఇది మీకేం రంగులా కనపడుతుందండీ అని అడిగింది.

పేర్లు అతికించే పని నాన్న తీసుకున్నాడు. చిన్న చిన్న కాగితాలు కత్తిరించి, అమ్మ ఒక్కో పెన్సిల్ చూసి చెబుతుంటే గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఎరుపు, పచ్చ అని రాస్తే ఆయనకు తృప్తి లేదు. కుంకుమ, మామిడాకు, నాచు, ఇటుక అని కొట్టు భాషలో రాశాడు. అమ్మ పొయ్యి చూడటానికి లేచి వెళ్లాక, నా కొడుకు పక్కన బోర్లా పడుకుని చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

“తాతయ్యా, అసలు పచ్చ రంగు ఎట్టా ఉంటది?”

నాన్న కలం ఆపాడు. నేను కూడా ఏం చెప్తాడోనని చూశాను. ఆయన చేతిలోని మామిడాకు పెన్సిల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అమ్మమ్మనడుగు నాన్నా” అన్నాడు. “మనింట్లో ఆ డిపార్ట్‌మెంట్ ఆమెది.”

వాడు ఆ పెన్సిల్ తీసుకుని వంటింట్లోకి పరుగెత్తాడు.